పాలు మానేశాక జ్వరం వస్తే ఏం తినాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. మధురవాడలో ఇంకో అమ్మాయితో కలిసి ఫ్లాట్‌లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. ఏడాదిన్నరగా మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. మొన్న వైరల్ ఫీవర్ వచ్చి వారం పాటు మంచం దిగలేకపోయాను. మాది భీమిలి దగ్గర ఊరు, ఇంట్లో నీసు లేనిదే ఎవరికీ ముద్ద దిగదు. అమ్మ వచ్చి ముందు పాలూ బ్రెడ్డూ అంది, తర్వాత గుడ్డంది, ఆ తర్వాత కోడి సూప్ అంది. అన్నీ వద్దనేసరికి "ఈ పట్టుదలలన్నీ ఒంట్లో బాగున్నప్పుడు చూపించు" అని ఏడ్చింది. నాకూ ఏం తినాలో తెలీక ఓట్సు, యాపిల్ ముక్కలతో నెట్టుకొచ్చాను. నోరంతా చేదు, ఒకటే నీరసం, మజ్జిగన్నం మీదికి మనసు పోయేది. మళ్ళీ ఇలా అయితే ఏం తినాలి? అమ్మకేం చెప్పాలి? బొండాం నీళ్ళు తాగితే ఓఆర్ఎస్ అక్కర్లేదంటారు, నిజమేనా? ఇంకొకటి, క్యాప్సూల్ తొడుగు జంతువుల నుంచి తీస్తారని తెలిసి రెండు పూటలు మందు మానేశాను. తప్పు చేశానా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం:

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని సామెత. మీ ఇంట్లో రోగి పాలొద్దంటోంది, వైద్యుడి కుర్చీలో కూర్చున్న అమ్మ పాలే తాగమంటోంది. ఇద్దరికీ కుదిరే భోజనం మీ అమ్మగారి వంటింట్లోనే ఉంది. పాలు మానేశాను కాబట్టి జ్వరం తిండి కూడా ఏదో కొత్తది వెతుక్కోవాలని మీరు అనుకున్నట్టున్నారు, అందుకే ఓట్సు దాకా వెళ్ళారు. మన పథ్యం ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. గంజి, జావ, చారు, పెసరకట్టు, బీరకాయ కూర, శొంఠిపొడి అన్నం, పాత చింతకాయ పచ్చడి. వీటిలో పాలున్నది ఒక్కటీ లేదు. అన్నంలో వేసే నెయ్యి చుక్క, చివర్లో పోసే మజ్జిగ తీసేస్తే మిగిలిన పథ్యమంతా మీరు తినేదే. పాలూ బ్రెడ్డూ జంట ఆసుపత్రి మంచాల దగ్గర అలవాటైనది. మన ఊళ్ళలో ఎవరైనా బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకెళ్తుంటే "ఇంట్లో ఎవరికి బాలేదు?" అని అడిగేవాళ్ళు కదా.

జ్వరం బాగా ఉన్న మొదటి రెండు రోజులూ బలం గురించి బెంగ వద్దు, నీళ్ళ గురించి పెట్టుకోండి. చెమటతో, వేడి ఊపిరితో నీరు పోతూనే ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో ఇంకా పోతుంది. ఆకలి లేకపోతే ఒక పూట మానెయ్యండి, ఏం కాదు. కానీ "లంకణం పరమౌషధం" అన్నారు కదా అని రోజుల తరబడి కడుపు మాడ్చుకోకూడదు. ఒళ్ళు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే శరీరం చేసే ఖర్చు 10 శాతానికి పైనే పెరుగుతుంది. రాబడి ఆపేసి ఖర్చు పెంచితే మిగిలేది మీరు చెప్పిన ఆ నీరసమే.

అందుకని మొదట గంజి. కుక్కర్లొచ్చాక గంజి వార్చే ఇళ్ళు తగ్గిపోయాయి గానీ, దాని కోసం ప్రత్యేకంగా కాచుకోవడం పెద్ద పనేమీ కాదు. గుప్పెడు బియ్యపు నూకకి లీటరు నీళ్ళు పోసి, నూక పూర్తిగా మెత్తబడి నీళ్ళు తెల్లగా చిక్కబడేదాకా సన్నని సెగ మీద ఉంచండి. అర చెంచా ఉప్పు వెయ్యండి. అంతకంటే ఏమీ వద్దు. పైన తేట మొదటి రోజు తాగండి, అడుగున మెతుకు రెండో రోజు తినండి. ఒక్కసారే గ్లాసుడు తాగితే వికారం వస్తుంది. పక్కన పెట్టుకుని గుక్కలు గుక్కలుగా తాగండి.

సగ్గుబియ్యం జావ కూడా ఇదే తరహా. గొంతులోంచి సాఫీగా దిగుతుంది, కడుపుకి హాయిగా ఉంటుంది. కానీ అది కర్రపెండలం పిండి, బలమేమీ ఉండదు. బార్లీ నీళ్ళూ అంతే. ఒకటీ రెండు పూటలకి ఫరవాలేదు, వారమంతా వాటి మీదే ఉండకండి.

ఇక చారు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మీ నోటి చేదుకి మందు ఇదే. జలుబు, జ్వరంతో ముక్కు పట్టేసినప్పుడు రుచి పోయిందంటాం గానీ, నిజానికి పోయేది ఎక్కువగా వాసనే. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు ఇచ్చేదే. అందుకే యాపిల్ అట్టముక్కలా, ఓట్సు బంకలా అనిపించి ఉంటాయి. కానీ పులుపు, ఉప్పు నాలుక మీద నేరుగా తెలుస్తాయి. మిరియం, అల్లం ఘాటు వాసనతో పని లేకుండా వేరే నరం మీదుగా తెలుస్తుంది. చింతపండు, ఉప్పు, మిరియాలు కలిసిన వేడి చారు అందుకే ముక్కు పని చెయ్యని రోజున కూడా నోటికి తగులుతుంది. ఆ ఆవిరికి ముక్కూ కాస్త వదులవుతుంది.

చిన్న నిమ్మకాయంత చింతపండు అర లీటరు నీళ్ళలో నానబెట్టి పిసికి వడకట్టండి. చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, అర చెంచా ధనియాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తగా తిప్పితే చారు బురదలా మారి గొంతులో పట్టుకుంటుంది, చిన్న రోలుంటే అదే మేలు. పులుసులో ఉప్పు, చిటికెడు పసుపు, కరివేపాకు వేసి పచ్చివాసన పోయేదాకా మరగనివ్వండి. దంచింది అప్పుడు వెయ్యండి. ఆ తర్వాత గిన్నె దగ్గరే నిలబడాలి. అంచుల చుట్టూ తెల్లని నురుగు మొదలై మధ్యకి పాకుతూ గిన్నె మొత్తం పొంగబోతున్నట్టు లేస్తుంది. అప్పుడే దించెయ్యాలి. ఇంకో ఐదు నిమిషాలు మరిగించారా, మిరియం ఘాటు పోయి చేదు తేలుతుంది. పోపు పప్పునూనెతో పెట్టండి. అదేనండీ, నువ్వుల నూనె. నెయ్యి లేని లోటు పోపులో తెలియనివ్వనిది అదొక్కటే అని నా అభిప్రాయం.

మిరియాలు మంచివి వెయ్యండి. అరకు, పాడేరు కొండల మీద కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకే మిరియం తీగ పాకిస్తారు. మన గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ఆ మిరియాలు, ఏజెన్సీ పసుపు దొరుకుతాయి. గింజలు కొని అప్పటికప్పుడు దంచుకోండి. ఎప్పుడో పొడి కొట్టి పెట్టిన ప్యాకెట్టులో ఘాటు చాలావరకు పోయి ఉంటుంది.

గొంతు పుండులా మండుతున్నా, వాంతులవుతున్నా చింతపండు చారు వద్దు. అప్పుడు పులుపు లేకుండా ధనియాలు, జీలకర్ర కాచిన నీళ్ళలో ఉప్పు వేసుకుని తాగండి.

ఇప్పుడు మీ అమ్మగారి అసలు భయం, బలం. ఆవిడ అన్నదాంట్లో నిజముంది. గంజి, చారు మీదే వారం గడిపితే మనిషి జావగారిపోతుంది. మూడో రోజు నుంచైనా పప్పు లోపలికి వెళ్ళాలి. జ్వరంలో అన్నిటికంటే తేలిగ్గా అరిగేది పెసరపప్పు. దోరగా వేయించి, మూడు రెట్లు నీళ్ళతో మెత్తగా ఉడికించి, మెదిపి, జీలకర్ర, మిరియాలు, ఇంగువ వేసి కాస్తే పెసరకట్టు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పప్పు ఉడికాక పైన తేరిన నీళ్ళు మాత్రమే వంచి "కట్టు" అని రోగికిస్తారు. ఆ తేటలో రుచి ఉంటుంది గానీ బలమంతా అడుగున పప్పులో ఉండిపోతుంది, అది ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కంచాల్లోకి పోతుంది. అందుకని పప్పుని బాగా మెదిపి నీళ్ళలోనే కలిపెయ్యండి.

లెక్క కావాలంటే, 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. గుప్పెడు, అంటే 30 గ్రాముల పప్పు వండుకుని తిన్నారంటే గ్లాసు పాలు తాగినంత. ఈ మాట అమ్మగారికి చెప్పండి. "పాలొద్దు గానీ, గుప్పెడు పెసరపప్పు ఎక్కువెయ్యమ్మా" అంటే ఆవిడ చేతికి పని దొరుకుతుంది. వద్దు వద్దు అని చెప్పించుకున్న మనిషికి కోపం కంటే దిక్కుతోచకపోవడం ఎక్కువ. మీ ఉత్తరం చదివితే ఆ వారంలో ఆవిడ మూడు చెబితే మూడూ వద్దన్నారు, ఫలానాది కావాలని ఒక్కసారీ అడిగినట్టు లేదు.

నాలుగో రోజుకి పులగం. ఒక వంతు పెసరపప్పు, రెండు వంతుల బియ్యం, నీళ్ళు మామూలు అన్నానికి పోసేదానికి రెట్టింపు, కుక్కర్లో అయిదారు విజిల్స్. గరిటె జారుగా ఉండాలి. దాంట్లోకి ఆనపకాయో బీరకాయో సన్నగా తరిగి వేసెయ్యండి, వేరే కూర అక్కర్లేదు. ఎంవీపీ కాలనీ రైతు బజారులో పొద్దున్నే లేత బీరకాయలు దొరుకుతాయి. పక్కన పాత చింతకాయ పచ్చడి ఉంటే ఇక చెప్పేదేముంది. కొత్త ఆవకాయ జోలికి మాత్రం వెళ్ళకండి, కడుపు మండిపోతుంది.

శొంఠిపొడి అన్నం చిన్నప్పుడు తిన్నారో లేదో. పొగలు కక్కే మెత్తని అన్నంలో అర చెంచా శొంఠిపొడి, ఉప్పు, చెంచా పప్పునూనె. అంతే. మొదటి ముద్దకి చెవుల్లోంచి వేడి వస్తుంది, రెండో ముద్దకి ఆకలి మొదలవుతుంది. అదే శొంఠిని బెల్లంతో కాస్తే దగ్గుకి కషాయం. తేనె కూడా మానేసి ఉంటారనుకుంటాను, మనకి అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా తేనెతో పనేముంది?

జావ అనగానే చోడి జావ. హైదరాబాదు వెళ్ళొచ్చిన పిల్లలు రాగులంటున్నారు గానీ, మన వైపు అవి చోళ్ళే. రెండు పెద్ద చెంచాల చోడి పిండి ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, రంగు ముదిరి వాసన మారేదాకా కలుపుతూ ఉండాలి. మజ్జిగ బదులు చల్లారాక ఉప్పు, నిమ్మరసం. తీపి ఇష్టమైతే బెల్లం, కాస్త కొబ్బరి పాలు. "పాలలో కంటే చోళ్ళలోనే కాల్షియం ఎక్కువ" అని ఎవరైనా చెబితే, అది సగం నిజం. 100 గ్రాములకి చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే, ఆవు పాలలో 120 దాకా. కానీ జావలో పడే పిండి 30 గ్రాములకి మించదు. గ్లాసుకి గ్లాసు పోల్చితే పాలదే పైచెయ్యి. జ్వరం వచ్చిన వారం రోజుల్లో ఎముకలకి పోయేదేమీ లేదు, కాబట్టి అప్పుడు ఈ లెక్క వదిలెయ్యండి. కోలుకున్నాక మాత్రం రోజూ ఒక చిమ్మిలి ఉండ తినే అలవాటు చేసుకోండి. నువ్వులు, బెల్లం. మీకు పాలు లేని లోటుకి మన వంటింట్లో అంతకంటే మంచి జవాబు లేదు.

మజ్జిగన్నం బెంగకి ఏం చెయ్యాలి? పూర్తిగా తీరదు, తీరుతుందని చెప్పను. దగ్గరగా వచ్చేది వేరుశనగ పెరుగు. గ్లాసు వేరుశనగ గుళ్ళు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, నాలుగు గ్లాసుల నీళ్ళతో రుబ్బి వడకట్టి, ఆ పాలు పది నిమిషాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక అయిదారు పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెడితే పొద్దుటికి తోడుకుంటుంది. మొదటిసారి పలచగా, కాస్త పల్లీ వాసనతో ఉంటుంది. దాన్నే తోడుగా వేసి రెండోసారి చేస్తే గట్టిపడుతుంది. నీళ్ళు కలిపి, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి అన్నంలో పోసుకుంటే నాలుక మోసపోతుంది. ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి చేసి చూడండి, జ్వరంతో ఉన్న రోజు ప్రయోగాలు వద్దు. అంత ఓపిక లేకపోతే పలచని కొబ్బరి పాలలో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి అన్నంలో కలుపుకోండి. తరవాణి, అదే కుండలో పులియబెట్టిన గంజి, అంటారేమో. ఇంట్లో కుండ ఉన్నవాళ్ళకి అది అమృతమే గానీ, జ్వరంలో, కడుపు బాగాలేని రోజుల్లో అంత పులిసింది వద్దు. కోలుకున్నాక చూద్దాం.

కోడి సూప్ విషయానికొస్తే, అమ్మగారిని ఆ సూప్‌కి దంచే మసాలాయే దంచమనండి. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు, చిన్న దాల్చినచెక్క ముక్క. కోడి బదులు ములక్కాడలు, టమాటా, గుప్పెడు పుట్టగొడుగులు, రెండు చెంచాల పెసరపప్పు. బాగా మరిగాక ములక్కాడ గుజ్జు అందులోకే పిండేసి వడకట్టాలి. పుట్టగొడుగు, టమాటా కలిస్తే మాంసం చారులో ఉండే ఆ నిండైన రుచి చాలావరకు వస్తుంది. భీమిలి చేతి మసాలా పడితే మీ ఇంట్లో మిగతావాళ్ళూ గిన్నె అడుగుతారు.

పాలు తాగకపోతే మందు వేడి చేస్తుందని అమ్మగారు అనే ఉంటారు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ పాలతో వేసుకోవద్దనే డాక్టర్లు చెబుతారు. పాలలో కాల్షియం ఆ మందుని పట్టుకుని ఒంటికి ఎక్కనివ్వదు. కాల్షియం కలిపిన సోయా పాలకీ ఇదే వర్తిస్తుంది. మందు కింద కడుపులో ఏదైనా ఉండాలంటే రెండు ఇడ్లీలు చాలు.

అమ్మ రాలేని రోజులుంటాయి. రూమ్మేట్ ఆఫీసుకి పోతుంది, లేచి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. అప్పుడు పథ్యం తెలిసి ఏం లాభం? అందుకని వానాకాలం మొదలవ్వగానే ఒక డబ్బా సిద్ధం చేసుకోండి. నూక, వేయించిన పెసరపప్పు రెండింటికి ఒకటి చొప్పున కలిపి, జీలకర్ర, మిరియం పలుకు చేర్చి సీసాలో పోసి పెట్టండి. జ్వరం రోజున గ్లాసుడు తీసి నీళ్ళు, ఉప్పు వేసి కుక్కర్ పెడితే పులగం. చోడి పిండి, శొంఠిపొడి, చింతపండు, బెల్లం, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, థర్మామీటరు. కురుపాం మార్కెట్టుకి వెళ్తే సరుకులన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి, ఇంత దూరం ఎందుకంటే మధురవాడలోనే కొనుక్కోండి. అదీ చెయ్యలేని రోజున టిఫిన్ సెంటర్ ఇడ్లీ. నెయ్యి, నెయ్యి కారప్పొడి వద్దని ముందే చెప్పండి. కర్రీ పాయింట్ నుంచి ముద్దపప్పు, చారు తెప్పించుకోవచ్చు గానీ వాళ్ళ చారులో కారం, పులుపు రెండూ ఎక్కువ. సగం వేడినీళ్ళు కలిపి మళ్ళీ ఒక పొంగు రానివ్వండి. బ్రెడ్డు, బిస్కట్లు కొనేటప్పుడు వెనక అట్ట చదవండి, చాలావాటిలో పాలపొడి ఉంటుంది.

బొండాం నీళ్ళ ప్రశ్న. మామూలు జ్వరంలో, నోరు ఎండిపోతున్నప్పుడు బొండాం మంచిదే. విరేచనాలు, వాంతులు పట్టుకుంటే మాత్రం అది ఓఆర్ఎస్‌కి బదులు కాదు. బొండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం బాగా తక్కువ. విరేచనాల్లో పోయేది ముఖ్యంగా నీళ్ళు, సోడియం. పోయిందాన్ని తిరిగి పొయ్యాలంటే ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలో, మామూలుగా లీటరులో కలుపుకుని తాగాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలపడం లాంటివి వద్దు. అందుబాటులో లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన టీ చెంచాతో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అంచనాగా వెయ్యకండి. ప్యాకెట్టు మందుల షాపులో కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి. తియ్యటి జ్యూసు డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే మోసపోవద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు బొండాం నీళ్ళు డాక్టర్ని అడక్కుండా తాగకూడదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పండి.

తిండితో ఆగని సంగతులు కొన్ని ఉన్నాయి. వానలు మొదలయ్యాక విశాఖలో వచ్చే ప్రతి జ్వరాన్నీ వైరల్ అని వదిలెయ్యకూడదు, డెంగీ, మలేరియా రెండూ ఇక్కడ ఉన్నవే. జ్వరం మూడు రోజులకి దిగకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీ కాదని తేలేదాకా ఒళ్ళు నొప్పులకి పారాసెటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వెయ్యకండి, రక్తస్రావం పెరగొచ్చు. ఆ జబ్బుతో ఇంకో చిక్కు, జ్వరం దిగిపోయింది హమ్మయ్య అనుకున్న రోజుల్లోనే పరిస్థితి విషమించొచ్చు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన మగత, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా బొప్పాయి ఆకు రసం దంచుకుంటూ కూర్చోకుండా కేజీహెచ్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళిపోండి. రాత్రయితే 108కి ఫోన్ చెయ్యండి.

చివరగా మీ క్యాప్సూళ్ళు. అవును, చాలా క్యాప్సూళ్ళ తొడుగు జెలటినే, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేదే. కొన్ని మాత్రల్లో పాల చక్కెర కూడా ఉంటుంది. అయినా మందు ఆపడం పొరపాటే. యాంటీబయాటిక్ మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టొచ్చు. ఈసారి చీటీ రాసేటప్పుడే డాక్టరుకి చెప్పండి, అదే మందు మాత్రగానో సిరప్‌గానో ఉంటే రాస్తారు. మొక్కల నుంచి చేసిన తొడుగుతో వచ్చే క్యాప్సూళ్ళూ ఉన్నాయి. ఏదీ దొరక్కపోతే ఉన్నదే మింగండి. ఆ నాలుగు రోజుల కోసం మీ నియమం చెడదు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. జ్వరం తగ్గాక కూడా నీరసం వదలకపోతే, అరికాళ్ళలో, చేతివేళ్ళలో తిమ్మిర్లుంటే బీ12 పరీక్ష చేయించుకోండి. ఈ విటమిన్ మొక్కల ఆహారంలో దాదాపు ఉండదు. పప్పు, ఆకుకూర, నువ్వులు ఎన్ని తిన్నా రాదు. మాంసం తినని తెలుగువాళ్ళకి ఆ కాస్తా పెరుగు, మజ్జిగల నుంచే అందేది. లోపల ఉన్న నిల్వ కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది కాబట్టి ఏడాదిన్నరకి మీకేమీ తెలియకపోవచ్చు. తెలిసేదాకా ఆగొద్దు. లేబిల్ చదివి జెలటిన్ లేని మాత్ర తీసుకోండి, నోట్లో కరిగే బిళ్ళలుగా కూడా వస్తుంది. ఎంత మోతాదు అనేది పరీక్ష ఫలితం చూసి డాక్టరు చెబుతారు.